తువ్వాల పట్టొద్దన్న మేస్త్రి

జెద్దాలో ఉన్న తెలుగువాళ్ళలో పాత ఇంగ్లీషు కరపత్రాలను నా అంత చదివినవాడు ఇంకొకడు ఉండడు. గొప్పకు చెప్పడం లేదు, వాటిని చదివి నేను బాగుపడిందీ లేదు. ఒకప్పుడు హైదరాబాదులో పరిశోధన అని చేరాను. నాలుగేళ్ళు లైబ్రరీలో కళ్ళు పోగొట్టుకున్నాను. నెలనెలా వచ్చే ఉపకారవేతనం ఆగిపోయాక అంతా మధ్యలో వదిలేసి, ఇక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో కాయితాలు ఫైలు చేసే పనికి వచ్చాను. ఆ ఉద్యోగాన్ని డాక్యుమెంట్ కంట్రోలర్ అంటారు. నేను కంట్రోల్ చేసిందేమిటో పన్నెండేళ్ళయినా నాకు తెలియలేదు.

నేను చదివిన కరపత్రాలు రెండు మూడు వందల ఏళ్ళ కిందటివి. రాజ్యం అప్పులు ఎలా తీర్చాలి, పేదవాడికి కూడు ఎలా పెట్టాలి అని ఇంగ్లండులో మామూలు జనం సొంత ఖర్చుతో అచ్చేయించుకున్నవి. కొట్టు మూతపడ్డ వర్తకులు, ఓడ దిగిన కెప్టెన్లు, తీరిక ఎక్కువైన పాదరీలు రాశారు. వాటి పేర్లే అరపేజీ ఉండేవి. లోపల అందరిదీ ఒకటే ధోరణి. దేశంలో తలా ఒక రాగి నాణెం వేస్తే ఇంత పోగవుతుంది, దానిమీద వడ్డీ ఇంత వస్తుంది, కొన్నేళ్ళకు బిచ్చగాడన్నవాడు కనిపించడు అనేవాళ్ళు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా రాని డబ్బును ముసలివాళ్ళకింత, విధవలకింత, కాళ్ళు పోయిన సిపాయిలకింత అని ముందే పంచేసేవాళ్ళు. చివర్లో మాత్రం మహాప్రభువుల పాదాల చెంత ఉంచుతున్నామని ఒక వినయపు వాక్యం తప్పకుండా ఉండేది. మహాప్రభువులు వాటిని చదివారో లేదో నాకు తెలియదు. నేను వెతికినంతలో చదివిన జాడ ఎక్కడా దొరకలేదు.

ఆ మనుషులను చూసి నవ్వుకునేవాణ్ణి. వాళ్ళను వెక్కిరిస్తూ ఒక వ్యాసం కూడా రాశాను, బాగుందన్నారు. ఏసీ గదిలో కూర్చుని, చచ్చిపోయినవాళ్ళ ఆశను వెక్కిరించడానికి పెద్ద తెలివి అక్కర్లేదని అప్పుడు తెలియలేదు. అలాంటివాడు ఒకడు సిమెంటు చేతులతో నా బల్ల ముందుకే వచ్చి నిలబడతాడని కూడా అనుకోలేదు.

అతను మా కంపెనీలో టైల్స్ మేస్త్రి. జగిత్యాల వైపు పల్లె. గల్ఫ్‌కు వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. మొదట అభా అనే కొండ ఊళ్ళో హోటళ్ళకు టైళ్ళు వేశాడు, తర్వాత జెద్దాలో మా దగ్గర చేరాడు. వయసు యాభై ఎనిమిది. మా కంపెనీలో అరవై దాటితే ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ చెయ్యరు. ఇకామా జేబులో లేని మనిషి ఈ దేశంలో ఉన్నా లేనట్టే కాబట్టి, మేస్త్రికి ఇంకా రెండేళ్ళు మిగిలాయని అందరికీ తెలుసు. సున్నం తిన్న వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయి, వేలిముద్ర యంత్రం అతన్ని ఎప్పుడూ ఒకసారికి గుర్తుపట్టేది కాదు. పొద్దున హాజరు వెయ్యడానికి నా గదికే పంపేవాళ్ళు, చేత్తో రాయమని. మా పరిచయం అలా మొదలైంది.

ఒకరోజు హాజరు రాయించుకున్నాక వెళ్ళకుండా నిలబడ్డాడు. చొక్కా లోపలి నుంచి టైళ్ళ డబ్బా అట్టముక్క తీశాడు. దాని వెనకవైపు నిండా పెన్సిలుతో అంకెలు ఉన్నాయి.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. జర గీ లెక్క సూడున్రి. తప్పుంటే జెప్పున్రి" అన్నాడు.

"ఏం లెక్క మేస్త్రీ, బాత్రూందా?"

"కాదు సార్. సర్కారుది."

నాకు నవ్వొచ్చింది. అట్ట చేతిలోకి తీసుకున్నాక నవ్వు ఆగిపోయింది. తలకో రియాల్ అని పైన రాసి ఉంది. పుస్తకాలు వదిలేసినా ఆ కరపత్రాల వాళ్ళు నన్ను వదల్లేదు అనుకున్నాను.

ఆ శుక్రవారం జెద్దాలోనే షరఫియా అనే పేటలో ఒక మలయాళీ హోటల్లో టీ తాగుతూ మొత్తం చెప్పాడు. అంతా తువ్వాల దగ్గర మొదలైందట. కూలీలు ఉండే క్యాంపుల్లో ఎవడైనా చనిపోతేనో, జబ్బు చేసి ఇంటికి పోతుంటేనో, మెస్సు గుమ్మం దగ్గర ఇద్దరు తువ్వాల చెరో కొసా పట్టుకుని నిలబడతారు. తిని వచ్చేవాళ్ళు తోచింది వేస్తారు. అనుమతి లేకుండా ఎవరి దగ్గరా విరాళం పోగుచెయ్యడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. కానీ నలుగురి మధ్య జరిగిపోయే పని, కాయితం మీద ఎవరూ పెట్టరు, ఎవరూ అడగరు.

అభాలో ఉన్నప్పుడు మేస్త్రి గదిలోనే ఉండే ఒకతనికి ఛాతీ జబ్బు చేసింది. ఇద్దరిదీ ఒకే మండలం. ఇంటికి పంపాలి. తువ్వాల పట్టుకున్నది మేస్త్రే.

"గుమ్మంల పట్టుకోని నిలవడ్డ సార్. గాడు లోపల మంచం మీదికెళ్ళి నన్నే సూస్తుండు. ఇచ్చేటోడు మొకం పక్కకు తిప్పుకుంటుండు, తీసుకునేటోడు నేల సూస్తుండు. గదేం బతుకు సార్? ఇరవై ఏండ్లు పన్జేసినోడు తువ్వాలల వడ్డదాన్ని ఏరుకోని పోవుడేంది?"

ఆ మనిషి ఇంటికి పోయి ఏడాది తిరక్కుండానే చనిపోయాడట. అప్పటినుంచి మేస్త్రికి ఇదే ధ్యాస. రెండో సగం ఆలోచన ఇంట్లో దొరికింది. అతని భార్య బీడీలు చుడుతుంది. బీడీల కంపెనీలో ఆమెకు పీఎఫ్ నంబరు ఉంది, ఆ నంబరు చూపిస్తే సర్కారు పింఛను ఇస్తుంది.

"మా ఆమె ఇంట్ల గూసోని బీడీలు జేస్తే ఒక నంబరొచ్చింది. నేను గీ ఎండల గిన్నేండ్లు జేస్తి, నాకేం నంబరున్నది సార్? ఉన్నది ఒక్కటే, ఇకామా నంబరు. ఖురూజ్ కొడ్తే అదీ వోతది."

ఖురూజ్ అంటే మళ్ళీ రాకుండా పంపించెయ్యడం. ఆ మాటకు క్యాంపుల్లో తెలుగు లేదు, ఎవరూ వెతుక్కోలేదు.

అతని పథకంలో ఉన్నవి మూడే కోరికలు. తన రాష్ట్రం నుంచి వచ్చిన ప్రతి కార్మికుడూ ఇంటికి డబ్బు పంపేటప్పుడు కౌంటర్లోనే నెలకో రియాల్ చందా కట్టాలి, దానికి సమానంగా సర్కారు కలపాలి. ఆ నిధిలోంచి యాభై ఐదు దాటి తిరిగి వచ్చినవాడికి పింఛను ఇవ్వాలి, జబ్బుపడి వచ్చినవాడికి వైద్యం చేయించాలి, ఇక్కడే చనిపోయినవాడి శవపెట్టె ఊరికి చేర్చాలి. చందా అన్న మాట అతను భార్య పీఎఫ్ చీటీలోంచి తీసుకున్నాడు. అందులో కార్మికుడి చందా, యజమాని చందా అని రెండు గళ్ళు ఉంటాయి. ఫోనులో ఆ చీటీ ఫొటో నాకు చూపించాడు కూడా. చూశాను. చదవలేదు.

అతను నా దగ్గరకు రావడానికి ఒక కారణం ఉంది. వాళ్ళ రాష్ట్ర ప్రభుత్వంలో ప్రవాసుల బాగోగులు చూసే శాఖ నుంచి పెద్ద అధికారి ఒకరు జెద్దా వస్తున్నారు. నాలుగు వారాల తర్వాత ఒక శుక్రవారం షరఫియాలో హాలు తీసుకుని సభ పెడుతున్నారు. ముందుగా పేరు ఇచ్చినవాళ్ళకు ఐదేసి నిమిషాలు ఇస్తారు. మేస్త్రి పేరు ఇచ్చేశాడు. ఆ ఐదు నిమిషాల్లో తన లెక్క అధికారి చేతిలో పెట్టాలి. అది తప్ప అతనికి వేరే కోరిక లేదు. ఇప్పటికే యాభై ఐదు దాటి, ఇంకో రెండేళ్ళలో తిరిగివెళ్ళే మనిషి తనే, పింఛను వస్తే మొదటివాళ్ళలో తనొకడు. ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

మూడు శుక్రవారాలు కూర్చున్నాం. నేను పెద్ద పండితుణ్ణి కదా, అతని అట్టముక్కలను సంస్కరించడానికి పూనుకున్నాను. పోట్లాడుకున్నాం కూడా. లెక్కలో అతను ప్రతిచోటా పదికి ఒకటి చొప్పున కొట్టేసేవాడు. ఎందుకని అడిగితే వేస్టేజీ అన్నాడు.

"మనుషుల్లో వేస్టేజీ ఏమిటి మేస్త్రీ? టైళ్ళా?"

"పదికి ఒకటి పగుల్తది సార్. కోతల వోతది, మోతల వోతది. పగలదని లెక్క గడ్తే పని నడుమల ఆగుతది. మంది గూడ గంతే. ఒకడు కట్టకముందే సస్తడు, ఒకడు చెప్పకుండ పారిపోతడు. ఇంగ ఆఫీసోళ్ళు తినేది సుత గండ్లనే వెట్టిన."

నేను నాలుగేళ్ళు చదివిన మహానుభావుల్లో ఒక్కడు కూడా తన పథకంలో విరిగిపోయేవాళ్ళను ముందే లెక్కపెట్టిన జ్ఞాపకం లేదు. ఆ మాట అతనికి చెప్పాను. ఆ పాత కరపత్రాల గురించి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మరి గా దొరలు రాసినయి సర్కారు మెచ్చిందా సార్?"

"ఎవరూ పట్టించుకోలేదు మేస్త్రీ."

"వాళ్ళు సక్కగ లెక్క గట్టలే గావచ్చు" అన్నాడు, వాళ్ళమీద జాలిపడుతూ.

చివర్లో ఒక వినయపు వాక్యం పెడదామన్నాను. దయతో పరిశీలించగలరని ప్రార్థన, అలాంటిది. ససేమిరా అన్నాడు. "బతిమాలితే తువ్వాల పట్టినట్టే గద సార్. లెక్క సూపెడ్దం. సరిగుంటే ఒప్పుకుంటరు, లేకుంటే ఎక్కడ తప్పున్నదో జెప్తరు." శీర్షిక కూడా అతనే చెప్పాడు, ఇక తువ్వాల పట్టొద్దు అని. అంతకంటే మంచి శీర్షిక నా పరిశోధనలో తగల్లేదు.

మూడో శుక్రవారానికి నాకు ఆశ పుట్టింది. ఇది ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంటికి పోయి మా ఆవిడతో, ఇది జరగొచ్చు అన్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను చదివిన చదువు ఒక మనిషికి పనికొస్తోందని ఛాతీ కాస్త విప్పారింది. విప్పారినవాడు కళ్ళు తెరుచుకుని పనిచెయ్యాలి కదా, అది చెయ్యలేదు.

సభ వాళ్ళు ఇంగ్లీషు ప్రతి కూడా తెమ్మన్నారు. మధ్యాహ్నం భోజనం వేళ ఒక చేత్తో రొట్టె తింటూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని అనువాదం చేశాను. చందా అన్న మాట దగ్గర ఆగలేదు. మాది గుంటూరు జిల్లా. చందా అనగానే నా చెవికి వినిపించేది వినాయక చవితి. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి లారీలు ఆపి, రశీదు పుస్తకం ఊపే మూక. ఫోను డొనేషన్ అంది. నేనూ అదే కదా అనుకుని ఉంచేశాను. ప్రతి కార్మికుడి దగ్గరా నెలకో రియాల్ డొనేషన్.

షరఫియాలో జిరాక్సు కొట్టుకు వెళ్ళాం. ఇన్ని కాపీలు పంచే కాయితానికి పైన అరబ్బీలో నాలుగు లైన్లు ఉంటే మీకే క్షేమం, ఎవరైనా ఆపినా ఇందులో తప్పేమీ లేదని చూపించొచ్చు అన్నాడు కొట్టతను. మంచికే చెప్పాడు. నా ఇంగ్లీషు చూసి అతనే టైపు చేశాడు. నా డొనేషన్ అతని చేతిలో తబర్రుఆత్ అయింది, అంటే విరాళాలు. తువ్వాల వద్దని చెప్పే కాయితం నెత్తిన, ఈ దేశపు భాషలో, తువ్వాల పడుతున్నామని అచ్చయింది. నాకు అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు. బాగుంది అన్నాను. మేస్త్రికి ఆ రెండు భాషలూ చదవడం రాదు. అతను ప్రతి కాపీనీ చేతులు తుడుచుకుని మరీ మడతపెట్టాడు.

ఇంకో పని కూడా చేశాడు. మన మంది కూడా చదవాలి కదా అని క్యాంపులో మెస్సు గుమ్మం పక్కన ఒక కాపీ అంటించాడు.

గురువారం పదకొండు గంటలకు మేనేజరు నన్ను పిలిచాడు. ఈజిప్టు మనిషి, కేకలు వేసే రకం కాదు. బల్లమీద మా కరపత్రం ఉంది. మేస్త్రి గోడ పక్కన నిలబడి ఉన్నాడు, పనిలోంచి నేరుగా తీసుకొచ్చినట్టున్నారు, మోకాళ్ళ దాకా తెల్లగా ఉంది. మేస్త్రి అరబ్బీ టైళ్ళకు, సిమెంటుకు, తొందర చెయ్యడానికి సరిపోయేది. ఇది పెద్ద విషయం కాబట్టి తెలుగులో అడగాలని నన్ను పిలిపించారు.

"విరాళాలు వసూలు చేస్తున్నాడా? బయటి దేశానికి పంపుతున్నాడా? అడుగు" అన్నాడు మేనేజరు ఇంగ్లీషులో.

ఆ మాట వినగానే అంతా అర్థమైంది. రొట్టె తిన్న చెయ్యి కూడా గుర్తొచ్చింది. అయినా అడిగాను. "మేస్త్రీ, చందా వసూలు చేస్తున్నారా అని అడుగుతున్నారు."

మేస్త్రి మొహం విచ్చుకుంది. "ముదీర్ సాబ్ గూడ సదివిండా సార్? ఇంక మొదలే గాలేదని జెప్పున్రి. సర్కారు ఒప్పుకున్నంకనే చందా. నెలకో రియాల్, అందరం కడ్తం."

అతను ముదీర్ అంటున్న ఆ మేనేజరే అతని కరపత్రానికి దొరికిన మొదటి పాఠకుడు. ఆ సంతోషం అతని మొహంలో చూస్తూ నేను అనువాదం చేశాను. ఇంకా మొదలుపెట్టలేదంటున్నాడు అన్నాను. "మొదలుపెడతాడా?" అన్నాడు మేనేజరు. ఇది విరాళం కాదు, ఇన్సూరెన్సు లాంటిది అని గొణిగాను. మేనేజరు అరబ్బీ లైను మీద వేలు పెట్టి, "ఇక్కడ అలా లేదే. ఇది కొట్టుకు ఎవరు ఇచ్చారు? ఎవరు రాశారు?" అన్నాడు.

నేను అప్పుడు చెప్పాల్సింది. మాట నాది, తప్పు నాది, అతను రాసింది వేరు అని రెండు వాక్యాలు. నా ఇకామా మీద మా ఆవిడ ఉంది, బడికి పోయే కూతురు ఉంది. ఆ రెండు వాక్యాల బరువు ఎంతో ఒక క్షణంలో లెక్కకట్టాను. లెక్కలో నేనూ తక్కువవాణ్ణి కాదు. మేస్త్రి వైపు చూశాను. ఏమడుగుతున్నారో అతను పోల్చుకున్నాడు. ఎవరు రాశారని అడుగుతున్నారు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ముందుకు ఒక అడుగు వేశాడు.

"అనా," అన్నాడు. అరబ్బీలో నేనే అని. "అనా, ముదీర్."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మేనేజరు చెడ్డవాడని అనలేను. ఇది బయటకు పొక్కితే ఇతనికి జైలు, కంపెనీకి చిక్కు, ఇంటికి పంపడమే ఇతనికి మేలు అన్నాడు. రావాల్సిన డబ్బంతా ఇప్పిస్తానన్నాడు, ఇప్పించాడు కూడా. ఆదివారానికి టికెట్టు వేశారు. ఖురూజ్ అని మేస్త్రికి చెప్పడం కూడా నా పనే అయింది.

మేస్త్రి నేల మీద టైళ్ళ అతుకులు చూస్తూ ఉన్నాడు.

"లెక్క తప్పయిందా సార్?" అన్నాడు చివరికి.

కాదు మేస్త్రీ, మీ లెక్క సరిగ్గానే ఉంది అని చెప్పి ఉంటే, ఆ తర్వాతి మాట కూడా చెప్పాల్సి వచ్చేది. "ఇక్కడి రూలు ఒప్పుకోదంట" అన్నాను. అది అబద్ధం కాదు. అంతకంటే నీచమైనది.

మర్నాడే సభ, అతన్ని మాత్రం క్యాంపు దాటి పోనివ్వలేదు. పొద్దున్నే నేను వెళ్ళాను. మంచం మీద కూర్చుని, అచ్చు కాపీలన్నీ కంపెనీ వాళ్ళు తీసుకుపోతే, రూళ్ళ కాయితం మీద మొత్తం మళ్ళీ తెలుగులో రాస్తున్నాడు. అరిగిన వేళ్ళతో పెన్ను జారుతోంది. క్యాంపులో ఉండే నిర్మల్ వైపు ప్లంబరు ఒకతను పక్కన నిలబడి, "అమ్మ పెట్టది, అడుక్క తిననియ్యది. నీకెందుకే అన్నా గీ లొల్లి" అంటున్నాడు. మేస్త్రి వినిపించుకోలేదు. రాసి, నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టాడు.

"నా పేరు పిలుస్తరు సార్. మీరు లేవున్రి. మీరైతే ఇంగ సక్కగ జెప్తరు. నేను బోతే ఏంది, కాయిదం బోతే సాలు."

వెళ్ళాను. హాలు నిండింది. ముందు వరసలో తెలుగు ఇంజనీర్లు, డాక్టర్లు కూర్చున్నారు. శాలువాలు, పూలగుత్తులు, ఫొటోలతో గంట గడిచింది. తర్వాత పేర్లు పిలవడం మొదలైంది. మా కంపెనీ వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నేను తలలు లెక్కపెడుతున్నాను. ఉన్నారు, ఇద్దరు. మేస్త్రి పేరు మైకులో వినిపించింది. ఊరి పేరుతో సహా పిలిచారు. నా చెయ్యి జేబు మీదే ఉంది. రెండోసారి పిలిచారు. అధికారి అటూ ఇటూ చూశాడు, ఆయన తీరిగ్గానే ఉన్నాడు, వినేలాగే ఉన్నాడు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. రాలేదేమో అని మైకులో అన్నారు, తర్వాతి పేరు పిలిచారు.

సభ అయ్యాక బిర్యానీ పెట్టారు. తిన్నాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆ సాయంత్రం మేస్త్రి ఫోను చేశాడు. "ఇచ్చిన్రా సార్?" అన్నాడు. ఇచ్చాను అన్నాను. "సదివిండా?" అన్నాడు. వెంట తీసుకెళ్ళారు, చదువుతామన్నారు అన్నాను. అవతల ఊపిరి వదలడం వినిపించింది. "సాలు సార్. ఇంగ వోయినా మంచిదే" అన్నాడు. ఆ కాయితం చొక్కా జేబులోనే ఉండిపోయి బట్టల మిషన్లో ముద్దయింది. మా ఆవిడ ఆ ముద్ద చూపించి, ముఖ్యమైనదా అని అడిగింది. కాదన్నాను.

ఆదివారం మధ్యాహ్నం క్యాంపు దగ్గర వ్యాను ఎక్కించడానికి వెళ్ళాను. మెస్సు గుమ్మంలో ఇద్దరు తువ్వాల పట్టుకుని ఉన్నారు. పోగైంది మూటగట్టి ఇస్తే మేస్త్రి తీసుకున్నాడు, నేల చూస్తూ. నేనూ వేశాను. వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నానని తర్వాత గుర్తొచ్చింది.

ఊరికి పోయాక నెలకోసారి వాట్సాప్‌లో మాట పంపేవాడు. మొదట్లో ఆ సారు దగ్గరనుంచి ఏమైనా కబురొచ్చిందా అని అడిగేవాడు. రాలేదు, పెద్దవాళ్ళ పనులు నిదానం అనేవాణ్ణి. తర్వాత అడగడం మానేశాడు. తనే కారణం వెతుక్కున్నాడు. సర్కారు ఒప్పుకోలేదంటే తను ఎక్కువ అడిగి ఉంటాడు. పింఛను, వైద్యం, పెట్టె, మూడూ ఒకేసారి అడిగితే ఎవరిస్తారు? మళ్ళీ లెక్క కట్టడం మొదలుపెట్టాడు. వానాకాలంలో వచ్చిన ప్రతిలో వైద్యం లేదు. చలికాలంలో వచ్చినదాంట్లో పింఛను లేదు. అతనికి వచ్చే అవకాశం ఉన్నది ఆ పింఛను ఒక్కటే, దాన్నే తీసేశాడు. ప్రతిసారీ ఫొటో పంపి, "ఇది గూడ గా సార్‌కే ఇయ్యున్రి, ఆయనకు మన సంగతి ఎరికే గద" అనేవాడు. ఇచ్చానని రాసేవాణ్ణి.

నిజం చెబుదామని రెండుసార్లు ఫోను తీశాను. చెబితే ఏమవుతుంది? అతని లెక్కలో తప్పులేదని అతనికి తెలుస్తుంది. తన ఐదు నిమిషాలు, తన రెండేళ్ళు ఒక రొట్టెముక్కకు పోయాయని కూడా తెలుస్తుంది. చెప్పకపోవడం అతని మంచికే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఇక్కడ రెండూ నేనే కాబట్టి బాగానే నడిచింది.

పోయిన వారం ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు బాగా తగ్గిపోయింది, మధ్యలో దగ్గు.

"సార్, మంచిగున్నరా? ఈసారి ఒక్క పెట్టె ముచ్చటనే ఉంచిన. సచ్చినోన్ని ఇంటికి తెచ్చుడు. గది గూడ అందరికి కాదు, ఎవ్వలు లేనోళ్ళకే. సర్కారు ఏం గలపొద్దు, మన చందాతోనే ఎల్లుతది. మంజూరు జేస్తే సాలని రాసిన. ఆఖర్ల మీరు జెప్పిన మాట గూడ వెట్టిన, దయతో సూడాలె అని. గా పెద్ద సార్ ఏమన్నడో జెప్పున్రి. ఇంక తగ్గియ్యమంటే తగ్గిస్త."